ఉద్యోగం మారుతున్నారా? కంపెనీకి ఎప్పుడు చెప్పాలి: ఖోర్ ఫక్కాన్ నుంచి ఒక అనుభవం

ఖోర్ ఫక్కాన్ చిన్న ఊరు. షార్జా ఎమిరేట్‌కి చెందినదే అయినా చుట్టూ ఫుజైరా, ముందు ఒమన్ గల్ఫ్ సముద్రం, వెనక కొండలు. ఇక్కడ మన వాళ్లలో చాలామంది బతుకుతెరువు కంటైనర్ పోర్టు చుట్టూనే తిరుగుతుంది. ఉదయం టీ కొట్టు దగ్గర అన్న మాట సాయంత్రానికి పోర్టంతా తెలిసిపోతుంది. ఆ సంగతి నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది.

ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో ఆరేళ్లు పనిచేశాక, దుబాయ్‌లో ఇంకో కంపెనీ నన్ను ఇంటర్వ్యూ చేసింది. "ఓకే, మీరు సెలెక్ట్ అయ్యారు" అని ఫోన్‌లో చెప్పారు. ఆ సంతోషంలో మా సూపర్‌వైజర్‌కి చెప్పేశాను. ఆయన కూడా తెలుగువారే, అన్నా అని పిలిచేవాణ్ణి. వారం తిరిగేలోపు నా సీటు పని ఇంకొకరికి నేర్పడం మొదలైంది. ఒప్పుకున్న సెలవు ఆగిపోయింది. కొత్త ఆఫర్ లెటర్ మాత్రం ఐదు వారాలకు గానీ రాలేదు. నా భార్య, ఇద్దరు పిల్లల వీసాలు నా వీసా మీదే ఉన్నాయి. ఆ ఐదు వారాలు ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. ఇంకొకరికి అలా జరగకూడదని నేను తెలుసుకున్నవి రాస్తున్నాను.

ముందు కాగితం, తర్వాత మాట

ఫోన్‌లో చెప్పింది ఆఫర్ కాదు. కార్మిక మంత్రిత్వ శాఖ ఫార్మాట్‌లో ఆఫర్ లెటర్ రావాలి. అందులో బేసిక్ జీతం, అలవెన్సులు, హోదా, నోటీస్ పీరియడ్ చూసుకుని మీరు సంతకం చేయాలి. అప్పటిదాకా ఆఫీసులో ఎవరికీ చెప్పకండి, ఎంత దగ్గరివారైనా సరే. చేరే తేదీ అడిగితే "నోటీస్ ఇచ్చాక ఇన్ని రోజులు పడుతుంది" అని కొత్త కంపెనీకి ముందే స్పష్టంగా చెప్పండి.

నోటీస్ ఎన్ని రోజులు?

2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం నోటీస్ 30 రోజులకు తగ్గకూడదు, 90 రోజులు మించకూడదు. మీకు ఎన్ని రోజులో మీ కాంట్రాక్టులోనే ఉంటుంది. ముందు అది తీసి చూడండి. నోటీస్ పూర్తి చేయకుండా వెళ్లిపోతే మిగిలిన రోజుల జీతం మీరే కంపెనీకి కట్టాలి.

ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ల లెక్క వేరు. ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. ఆ సమయంలో యూఏఈలోనే ఇంకో కంపెనీకి మారాలంటే కనీసం నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. మిమ్మల్ని తెచ్చుకోవడానికి పాత కంపెనీకి అయిన ఖర్చు కొత్త కంపెనీ భరించాలి. దేశం వదిలి వెళ్లేవాళ్లు 14 రోజుల ముందు చెబితే చాలు. ఇవేవీ పాటించకుండా వెళ్తే ఏడాదిపాటు కొత్త వర్క్ పర్మిట్ రాకపోవచ్చు.

గ్రాట్యుటీ చూసుకుని తేదీ వేయండి

ఏడాది సర్వీసు నిండకపోతే గ్రాట్యుటీ లేదు. నిండితే మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది వస్తుంది. బేసిక్ 3,000 దిర్హాములు అనుకుంటే రోజుకు 100. ఐదేళ్లకు 10,500, ఆరో ఏడాదికి ఇంకో 3,000. మొత్తం 13,500. పాత చట్టంలో రాజీనామా చేస్తే ఇందులో కోత పడేది, ఇప్పుడు ఆ కోత లేదు.

నోటీస్ రోజులు కూడా సర్వీసులోకే వస్తాయి. అందుకే మీ చివరి పనిరోజు ఏడాది దాటాక పడేలా లెక్క చూసుకుని రాజీనామా తేదీ వేసుకోండి. వాడుకోని సెలవుల డబ్బు కూడా రావాలి. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లోపు మొత్తం బకాయి చెల్లించాలని చట్టం చెబుతోంది. నిరుద్యోగ బీమా ఉంది కదా అనుకోవద్దు, సొంతంగా రాజీనామా చేసినవాళ్లకు అది వర్తించదు.

చెప్పేముందు ఇంట్లో సర్దుకోవాల్సినవి

* కుటుంబం వీసాలు: మీ వీసా క్యాన్సిల్ అయ్యే ముందే భార్యాపిల్లల వీసాల సంగతి తేల్చుకోవాలి. టైపింగ్ సెంటర్‌లో ముందుగానే అడగండి.
* బ్యాంకు లోన్: చివరి సెటిల్‌మెంట్ డబ్బు పడగానే కొన్ని బ్యాంకులు ఖాతా ఆపేస్తాయి. కొత్త కంపెనీ లెటర్‌తో ముందే బ్యాంకుకు వెళ్లండి. రెండు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి.
* స్కూలు: ఊరు మారాల్సి వస్తే ఇండియన్ స్కూళ్లకు మార్చి నెలాఖరు అనువైన సమయం.
* పాస్‌పోర్ట్: మీ దగ్గరే ఉండాలి. ఉద్యోగి పత్రాలు కంపెనీ అట్టిపెట్టుకోవడం చట్టవిరుద్ధం.

ఎలా చెప్పాలి?

ముందు మేనేజర్‌కి నేరుగా చెప్పి, అదే రోజు ఈమెయిల్ పంపండి. అందులో రాజీనామా తేదీ, చివరి పనిరోజు రాయండి. ఒక కాపీ సొంత మెయిల్‌కి పంపుకోండి. ఫిర్యాదులు రాయకండి. ఈ ఊళ్లో ఎవరితో మళ్లీ ఎక్కడ పని పడుతుందో తెలియదు. సెటిల్‌మెంట్ కాగితం మీద లెక్క చూడకుండా, డబ్బు అందకుండా సంతకం పెట్టకండి.

డబ్బు ఆపితే మంత్రిత్వ శాఖ యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దుబాయ్‌లోని మన కాన్సులేట్ ద్వారా ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రాన్ని కూడా అడగవచ్చు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు వేరే చట్టం ఉంది. దుబాయ్‌లోని డీఐఎఫ్‌సీ, అబుధాబిలోని ఏడీజీఎం ఉద్యోగులకు వాటి సొంత నిబంధనలు ఉన్నాయి.

నా సంగతి చివరికి మంచిగానే ముగిసింది. ఆఫర్ లెటర్ వచ్చింది, 30 రోజుల నోటీస్ పూర్తిచేశాను, గ్రాట్యుటీ అందింది. వెళ్లే రోజు సూపర్‌వైజర్ అన్న లారీ యార్డు దాకా వచ్చి, "తమ్ముడూ, నువ్వు ఆ రోజు నాకు చెప్పకుండా ఉండాల్సింది. తెలిశాక పైవాళ్లకు చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన ఉద్యోగం ఆయనది.