లాస్ వెగాస్ సమావేశాల నగరం ఎలా అయింది

వృత్తి సంఘాలు, వ్యాపార సంఘాలు, శాస్త్ర పరిషత్తులు జరుపుకునే మహాసభలను తమ ఊరికి రప్పించుకోవడానికి నగరాలు ప్రత్యేకంగా ఒక కార్యాలయం నడిపే పద్ధతి అమెరికాలో పుట్టింది. 1896 ఫిబ్రవరిలో మిల్టన్ కార్మైకేల్ అనే విలేకరి ‘డెట్రాయిట్ జర్నల్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఎవరూ పెద్దగా ప్రయత్నించకుండానే డెట్రాయిట్‌కు సభలు వస్తున్నాయని, వందల మైళ్ల నుంచి ప్రతినిధులు తరలివస్తున్నారని, వ్యాపారులంతా కలిసి పూనుకుంటే ఇంకెన్నో సభలు తేవచ్చని దాని సారాంశం. రెండు వారాలు తిరక్కముందే ఊరి వ్యాపారులు ఒక హోటల్లో సమావేశమై ఇందుకోసం సంఘం పెట్టుకున్నారు. కన్వెన్షన్ బ్యూరోలకు అదే ఆద్యం. 1914 నాటికి ఇలాంటి బ్యూరోలు తమలో తాము అంతర్జాతీయ సంఘం కట్టుకునేంతగా పెరిగాయి.

అయితే వ్యాపారుల చందాల మీద నడిచే ప్రచారానికి ఒక చిక్కుంది. బేరాలు బాగున్న ఏడు చందాలు ధారాళంగా వస్తాయి. మందగించిన ఏడు, అంటే అతిథుల అవసరం ఎక్కువగా ఉన్న ఏడే, చేతులు ముడుచుకుంటాయి. చట్టం చేసి ఈ చిక్కు విప్పుకున్న ఊళ్లలో లాస్ వెగాస్ చరిత్ర తెలుసుకోదగినది.

1905 మేలో రైలు కంపెనీ ఎడారి స్థలాలను వేలం వేయగా ఏర్పడిన ఊరది. 1931లో నెవాడా రాష్ట్రం జూదానికి చట్టబద్ధత కల్పించింది. అదే ఏడాది దగ్గర్లో హూవర్ ఆనకట్ట పనులు మొదలయ్యాయి. అయినా 1940లో జనాభా తొమ్మిది వేలు దాటలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళకు స్థానిక చాంబర్ ఆఫ్ కామర్స్ ఊరి ప్రచారం కోసం వ్యాపారుల నుంచి నిధి పోగుచేసింది. దాని ఆసరాతో 1940ల చివర్లో లాస్ వెగాస్ న్యూస్ బ్యూరో పనిలోకి దిగింది. ప్రకటనల కంటే ఫొటోల మీదే ఆ బ్యూరో ఎక్కువ ఆధారపడింది. ఏ చిన్న ఊరి నుంచో వచ్చిన దంపతులను ఈతకొలను పక్కన నిలబెట్టి ఫొటో తీసి, వాళ్ల సొంత ఊరి పత్రికకు పంపేవారు. ఆ పత్రిక దాన్ని వార్తగా వేసుకునేది, చదివిన ఇరుగుపొరుగుకు లాస్ వెగాస్ తెలిసినవాళ్లు వెళ్లొచ్చిన ఊరయ్యేది. 1950ల తొలినాళ్లలో శాండ్స్ హోటల్ ఈతకొలనులో నడుం లోతు నీళ్లలో నిలబడి పాచికలాడుతున్న అతిథుల ఫొటో దేశమంతా తిరిగింది.

ఇదే బ్యూరో చేతికి భయంకరమైన సరుకు కూడా దొరికింది. 1951 జనవరి నుంచి ఊరికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో అమెరికా ప్రభుత్వం అణుబాంబులు పరీక్షించసాగింది. తెల్లవారుజామున ఆకాశంలో లేచే పుట్టగొడుగు మేఘాన్ని ఊరు వింత వినోదంగా అమ్ముకుంది. 1957లో బ్యూరో ఫొటోగ్రాఫర్ డాన్ ఇంగ్లిష్ ఒక నర్తకి ఈతదుస్తుల మీద దూదిని ఆ మేఘం ఆకారంలో అతికించి తీసిన ఫొటో ఆ కాలానికి గుర్తుగా మిగిలిపోయింది. ఆ పేలుళ్ల అణుధార్మిక ధూళి గాలివాటుగా పడిన ప్రాంతాల్లో క్యాన్సర్ బారినపడిన వారికి పరిహారం ఇవ్వడానికి 1990లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేయాల్సి వచ్చింది. అతిథులను పిలవడం ఒక్కటే ధ్యేయమైతే ప్రచారం ఎంత దూరం పోగలదో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ ఈ వృత్తి చరిత్రలో అరుదు.

1955 నాటికి పరిస్థితి మారింది. ఒక్క ఏడాదిలోనే రివియెరా, డ్యూన్స్, రాయల్ నెవాడా, మూలాన్ రూజ్ హోటళ్లు తెరుచుకున్నాయి. గదులు పెరిగినంతగా అతిథులు పెరగలేదు. కొత్త హోటళ్లు కొన్ని అప్పుల్లో కూరుకుపోయాయి. ఈ జోరు మితిమీరిందా అని ‘లైఫ్’ పత్రిక జూన్ సంచిక ముఖచిత్రం మీదే అడిగింది. అసలు లోటు వారం నడిమి రోజులది. లాస్ ఏంజెలెస్ జనం శుక్రవారం సాయంత్రం కార్లలో వచ్చి ఆదివారం తిరిగి వెళ్లేవారు. సోమవారం నుంచి గురువారం దాకా గదులు ఖాళీ. ఆ రోజుల్లో ఊరికి రాగలిగేది పని మీద వచ్చే మనిషే.

అదే ఏడాది నెవాడా శాసనసభ చేసిన చట్టంతో క్లార్క్ కౌంటీ ఫెయిర్ అండ్ రిక్రియేషన్ బోర్డు ఏర్పడింది. హోటల్ గది అద్దె మీద వేసే పన్నే దాని రాబడి. ఆ పన్నును చూపించి బాండ్లు అమ్మి సమావేశ మందిరం కట్టవచ్చు, ఆ మందిరానికి సభలను తెచ్చే ప్రచారం కూడా ఆ పన్ను మీదే నడపవచ్చు. ఊరి జనం జేబులోంచి ఇచ్చేదేమీ లేదు, కట్టేది బయటి ఊరివాడు. రాజకీయంగా ఆ ఏర్పాటు నిలబడటానికి ఇదే కారణం. చందాల ఒడిదుడుకులు కూడా దీంతో తప్పాయి. అతిథి కట్టిన పన్ను మరో అతిథిని పిలవడానికి పనికొచ్చింది.

పాత గుర్రప్పందేల మైదానం స్థలంలో, హోటళ్ల బారుకు కొంచెం తూర్పున, 1959 ఏప్రిల్‌లో లాస్ వెగాస్ కన్వెన్షన్ సెంటర్ తెరుచుకుంది. వెండి రంగు గుమ్మటం కింద 6,300 మంది కూర్చునే గుండ్రటి సభామండపం, దాన్ని ఆనుకుని 90,000 చదరపు అడుగుల ప్రదర్శనశాల కట్టారు. అందులో జరిగిన మొదటి పెద్ద కార్యక్రమం విమానయాన రంగానిది. 1964 ఆగస్టులో బీటిల్స్ బృందం పాడిందీ ఆ మండపంలోనే. 1990లో దాన్ని పడగొట్టారు.

భవనం ఒక్కటే చాలలేదు. దేశం నలుమూలల నుంచి ప్రతినిధులను పిలిచే ఊరు వాళ్లను రంగును బట్టి వేరు చేస్తే కుదరదు. కానీ లాస్ వెగాస్ హోటళ్లు నల్లజాతి అతిథులకు గదులిచ్చేవి కావు. నాట్ కింగ్ కోల్ వంటి గాయకుడు సైతం వేదిక మీద పాడి, నిద్రకు నల్లజాతివారు ఉండే వెస్ట్‌సైడ్ పేటకు వెళ్లాల్సిన రోజులవి. 1960 మార్చిలో నల్లజాతి పౌరహక్కుల సంఘం స్థానిక అధ్యక్షుడు, దంతవైద్యుడు జేమ్స్ మెక్‌మిలన్ ఊరేగింపు తీస్తామని ప్రకటించాడు. ఆ వార్త దేశమంతా పాకితే అతిథులు ముఖం చాటేస్తారని హోటళ్లు బెదిరాయి. మార్చి 26న మూలాన్ రూజ్‌లో జరిగిన ఒప్పందంతో వివక్ష అధికారికంగా ముగిసింది. ఉద్యోగాల్లో సమానత్వం కోసం మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు పోరాడాల్సి వచ్చింది.

సభను గెలుచుకోవడం ఓపికతో కూడిన పని. పెద్ద సంఘాలు వేదికను ఏళ్ల ముందే నిర్ణయిస్తాయి. బ్యూరో ప్రతినిధి ఆ సంఘం పాత సభలకు ఎందరు వచ్చారో, ఎన్ని గదులు వాడారో తెలుసుకుంటాడు. తమ ఊరి హోటళ్లన్నిటి నుంచి ఆ తేదీలకు గదులు, ధరలు రాబట్టి ఒకే ప్రతిపాదనగా అందిస్తాడు. సంఘం పెద్దలను పిలిచి మందిరం, వంటశాల, సరుకు దించే రేవులు తిప్పి చూపిస్తాడు. ఒకదానితో ఒకటి పోటీపడే హోటళ్లను ఒక్క మాట మీదకు తేవడమే ఈ వృత్తిలో అసలైన నేర్పు. 1967లో న్యూయార్క్‌లో మొదలైన వినియోగదారుల ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన, సీఈఎస్, 1978 నుంచి లాస్ వెగాస్‌కు రావడం, సెలవులు ముగిసి జనం పలచబడే జనవరిని ఊరికి రద్దీ నెలగా మార్చింది. 1979లో వచ్చిన కంప్యూటర్ల ప్రదర్శన కామ్‌డెక్స్ ఉచ్చదశలో రెండు లక్షల మందిని రప్పించింది.

1955లో ఏర్పడిన బోర్డు తర్వాతి కాలంలో లాస్ వెగాస్ కన్వెన్షన్ అండ్ విజిటర్స్ అథారిటీగా పేరు మార్చుకుంది. 1992లో న్యూస్ బ్యూరో కూడా దాని కిందికి వచ్చింది. 2019లో 4.25 కోట్ల మంది ఆ ఊరికి వెళ్లగా, వారిలో సుమారు 66 లక్షల మంది సమావేశాల కోసం వచ్చినవారు. కోవిడ్‌తో 2020లో మొత్తం సందర్శకులు 1.9 కోట్లకు పడిపోయారు. పన్ను మీద బతికే సంస్థకు అతిథులు ఆగితే రాబడి కూడా ఆగుతుందని అప్పుడు తెలిసివచ్చింది. 2021 జూన్‌లో కాంక్రీటు పరిశ్రమ ప్రదర్శనతో కొత్త పడమటి మందిరం తెరుచుకుంది.

ఈ పద్ధతి తెలుగు నేలకూ చేరింది. హైదరాబాద్ అంతర్జాతీయ సమావేశ కేంద్రం 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్‌తో పని ప్రారంభించింది. 2010లో ప్రపంచ గణిత శాస్త్రజ్ఞుల మహాసభ, 2012లో జీవవైవిధ్య సదస్సు అక్కడే జరిగాయి. నగరానికి సభలను తేవడానికి 2011లో హైదరాబాద్ కన్వెన్షన్ విజిటర్స్ బ్యూరో ఏర్పడింది. అయితే మన దేశంలో రాష్ట్రాలు హోటళ్ల మీద వేసే విలాస పన్ను 2017 జులైలో జీఎస్‌టీలో కలిసిపోయింది. గది మీద వచ్చే పన్ను కేంద్ర, రాష్ట్ర ఖజానాలకు పోతుంది, అందులో బ్యూరో కోసం విడిగా తీసే వాటా లేదు. అందువల్ల లాస్ వెగాస్ 1955లో చేసుకున్న ఏర్పాటు భారత నగరాలకు ఈనాటికీ అందుబాటులో లేదు.