కలుషిత నేలలో చెట్ల పెంపకం: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు

ఫ్యాక్టరీల వాగు పక్కన, నగరం మురుగు కాలువ కింద పొలాలున్న రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "చెట్లు పెడితే నేలలోని విషం పోతుందంట, నిజమేనా?" నిజమే. కానీ అన్ని విషాలకూ కాదు, అన్ని లోతులకూ కాదు. మొక్కలు అమ్మేవాళ్లు ఈ రెండో మాట చెప్పరు.

మన దగ్గర ఈ సమస్యకు పెద్ద ఉదాహరణ పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతం. అక్కడి పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగు, ఇసకవాగుల గుండా పారి పొలాలను, బావులను పాడుచేశాయి. దీనిపై 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. అక్కడి నేలల్లో క్రోమియం, ఆర్సెనిక్ వంటివి ఎక్కువగా ఉన్నట్లు పరిశోధనల్లో తేలింది. హైదరాబాద్ దిగువన మూసీ వెంట సమస్య వేరు. ఆ నీటితో పెంచిన పారా గడ్డి పశువుల మేతగా అమ్ముడవుతుంది. అంటే నీటిలో ఉన్నది పాలదాకా వచ్చే దారి ఉంది.

ముందుగా పరీక్ష

సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి. సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్ వాటిలో లేవు. కార్డు బాగుందని నేల శుభ్రంగా ఉన్నట్టు కాదు. భార లోహాల పరీక్ష కావాలని ప్రత్యేకంగా అడగాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం ల్యాబ్‌లోగానీ, లోహాలు కొలిచే యంత్రం ఉన్న గుర్తింపు పొందిన ప్రైవేటు ల్యాబ్‌లోగానీ చేయించండి.

పొలమంతా కలిపి ఒకే నమూనా తీయవద్దు. నీరు పొలంలోకి వచ్చే మడవ దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి విడిగా తీయండి. సాధారణంగా మడవ దగ్గరే ఎక్కువ చెడి ఉంటుంది. జింకు పూత పూసిన బకెట్, తుప్పు పట్టిన పార వాడితే లెక్క తప్పుతుంది. ప్లాస్టిక్ బకెట్, కర్ర లేదా స్టీలు పరికరం వాడండి. బావి నీటిని కూడా పంపండి. తాగునీటికి ప్రమాణం లీటరుకు ఆర్సెనిక్ 0.01, సీసం 0.01, కాడ్మియం 0.003, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు. ఇంతకు మించితే ఆ నీరు తాగకూడదు. కాచినా లోహాలు, నైట్రేట్ పోవు.

ఏ విషానికి చెట్టు పనికొస్తుంది

డీజిల్, నూనెలు, కొన్ని రసాయన ద్రావకాలు అయితే చెట్లు నిజంగా ఉపయోగపడతాయి. వేర్ల చుట్టూ ఉండే సూక్ష్మజీవులు వాటిని విడగొట్టి తినేస్తాయి, చెట్టు కూడా కొంత పీల్చుకుంటుంది. అమెరికాలోని మేరీలాండ్‌లో, అబర్డీన్ సైనిక పరీక్షా క్షేత్రం దగ్గర భూగర్భ జలంలో ద్రావకాలు చేరిన చోట 1996లో హైబ్రిడ్ పోప్లార్ చెట్లు నాటారు. అక్కడ నీరు చాలా తక్కువ లోతులో ఉంది కాబట్టి వేర్లు దాన్ని అందుకున్నాయి. మురుగు నీటిలోని నైట్రేట్‌ను కూడా చెట్లు ఎరువులా తీసుకుంటాయి.

లోహాల సంగతి అలా కాదు. లోహాన్ని ఏ జీవీ విడగొట్టలేదు. చెట్టు దాన్ని నేలలోంచి కట్టెలోకి, ఆకులోకి మారుస్తుంది, అంతే. ఎంత మారుస్తుందో లెక్క వేద్దాం. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. కిలో మట్టిలో 3 మిల్లీగ్రాముల కాడ్మియం ఉందనుకుంటే ఎకరంలో 2.7 కిలోలు ఉన్నట్టు. ఏడాదికి 4 టన్నుల ఎండు కట్టె వచ్చి, కిలో కట్టెలో 5 మిల్లీగ్రాములు చేరినా బయటికి పోయేది 20 గ్రాములే. 3 నుంచి 1కి తేవాలంటే 90 ఏళ్లు పడుతుంది. సీసం మట్టికి గట్టిగా అతుక్కుంటుంది, కాబట్టి ఇంకా తక్కువ కదులుతుంది.

అయితే లోహాలున్న నేలలో చెట్లు ఎందుకు? ఆ నేల నుంచి తిండి పండించడం ఆగుతుంది, దుమ్ము లేవదు, మట్టి కోసుకుపోయి కింది పొలాల్లో పడదు, కట్టె మీద కొంత ఆదాయం వస్తుంది. ఈ లాభాలు చిన్నవి కావు. కానీ "నాలుగేళ్లలో నేల శుద్ధి" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

బోరు నీటి సంగతి

తెలంగాణలో చాలాచోట్ల బోర్లు గ్రానైటు రాతి పగుళ్లలోంచి నీరు తీస్తాయి. 300 అడుగుల లోతు నీటిని ఏ చెట్టు వేరూ శుభ్రం చేయలేదు. చెట్లు చేయగలిగేది పైపైన, వాగు ఒడ్డున, పాత దిగుడు బావి చుట్టూ ఊరే నీటికే. పైగా జామాయిల్ నీరు బాగా లాగుతుంది. ఊట నిలిచే చోట అది మంచిదే, ఒక్క బోరు మీదే బతికే పొలంలో కాదు.

ఏ చెట్టు, ఎలా

మేకలు, పశువులు తినని చెట్టు ఎంచుకోండి. అందుకే సుబాబుల్ వద్దంటాను. దాని ఆకు మంచి మేత, ఎవరు ఆపినా ఆగదు. జామాయిల్, టేకు మేలు. కోస్తాలో ఉప్పు తేలిన ఇసుక నేలలకు సరుగుడు. కానుగ, వేప పెట్టినా ఆకును పచ్చిరొట్టగా వరి మడికి వేయకూడదు. మామిడి, జామ, మునగ, మల్బరీ అసలు పెట్టవద్దు.

తొలకరిలో ఒకటిన్నర అడుగు గుంతలు తీసి, గుంతకు 5 కిలోల పశువుల ఎరువు వేసి నాటండి. జామాయిల్‌కు 3×2 మీటర్ల ఎడం అయితే ఎకరానికి సుమారు 670 మొక్కలు పడతాయి. ఆమ్ల నేలల్లో సున్నం వేస్తే కాడ్మియం, సీసం మొక్కకు అందడం తగ్గుతుంది. ఆర్సెనిక్‌కు ఇది పనిచేయదు. భాస్వరం ఎక్కువైతే ఆర్సెనిక్ మరింత కదులుతుంది. లోహాలున్న వాగు నీటితో ఈ మొక్కలను తడపవద్దు, తడిపితే పైనుంచి మళ్లీ నింపినట్టే.

రాలిన ఆకు ఊడ్చి పొలం బయట ఒకచోట పోయాలి, లేకపోతే చెట్టు లాగిన లోహం మళ్లీ పైమట్టికే చేరుతుంది. కట్టెను పొయ్యిలో వాడకండి, బూడిదను పెంటకుప్పలో కలపకండి. కాగితం మిల్లుకో, కలప వ్యాపారికో అమ్మేయండి.

రెండెకరాలే ఉంటే

అంతా చెట్లకు ఇవ్వమని చెప్పలేం. మడవ దగ్గర, వాగు గట్టు వెంట మూడు వరుసలు పెట్టండి, గట్టు మీద వట్టివేరు వేయండి. మధ్యస్థంగా చెడిన భాగంలో బంతి, చామంతి పండించండి. బతుకమ్మకు, దసరాకు గిరాకీ ఉంటుంది. తక్కువ చెడిన చోట కూరగాయలే కావాలంటే బెండ, కాకర, సొర వంటి కాయలు మేలు. పాలకూర, తోటకూర, ముల్లంగి లోహాలను ఎక్కువ తీసుకుంటాయి. నిలవ నీటి వరి ఆర్సెనిక్‌ను ఎక్కువ లాగుతుంది.

ఫిర్యాదు మాట

పైనుంచి విషం వస్తూనే ఉంటే కింద ఎన్ని చెట్లు పెట్టినా ఫలితం ఉండదు. మొక్కలు నాటకముందే నేల, నీటి పరీక్ష నివేదికలు, తేదీ ఉన్న ఫొటోలు, పంట నష్టం వివరాలు దగ్గర పెట్టుకోండి. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో పరిహారం కోసం, కారణం మొదలైన ఐదేళ్లలోపు దరఖాస్తు చేయాలి. కాలుష్యాన్ని ఆపించే వివాదాలకైతే గడువు ఆరు నెలలే. మన రెండు రాష్ట్రాల కేసులు చెన్నై ధర్మాసనం చూస్తుంది. ఊళ్లో నష్టపోయిన రైతులు కలిసి వేస్తే పరీక్షల ఖర్చు పంచుకోవచ్చు.

మూడేళ్లకోసారి, మొదట తీసిన చోట్లలోనే నమూనాలు తీసి మళ్లీ పరీక్ష చేయించండి. ఆ నివేదికలు వచ్చేదాకా చెట్ల మధ్య అంతరపంటగా తిండి గింజలు వేయవద్దు.