బెజవాడ రేడియో మన పొలం దాకా ఎలా వచ్చేది?

అన్నలూ, తమ్ముళ్లూ, మొన్న గాలివానకి కరెంటు పోయి, సెల్ టవర్ కూడా మూగబోయిన రాత్రి అటక మీది పాత ట్రాన్సిస్టర్ దించాను. రెండు బ్యాటరీలు వేస్తే పలికింది! అందుకే ఈ నాలుగు ముక్కలు.

మొదట్లో కోస్తావాళ్లకి మద్రాసే దిక్కు. అక్కడ 1938లో స్టేషన్ పెట్టారు. హైదరాబాద్ వైపు వాళ్లకి నిజాం గారి దక్కన్ రేడియో ఉండేది. 1948 డిసెంబర్ 1న బెజవాడ ఆకాశవాణి మొదలైంది. విశాఖ, కడప 1963లో వచ్చాయి.

బెజవాడది మీడియం వేవ్, 837 కిలోహెర్ట్జ్. ఈ తరంగం పగటిపూట నేలని పట్టుకుని పాకుతుంది. తడి నేల మీద, ఉప్పునీటి మీద ఇంకా దూరం పోతుంది. ఎండిన రాతినేల మీద తొందరగా నీరసపడుతుంది. అంటే కాలవ కింద మాగాణికి నీళ్లతోపాటు రేడియో కూడా బాగా పారిందన్నమాట, మెట్టవాళ్లు ఏమనుకోకండి!

టీవీ అలా కాదు. చూపు ఆనినంత మేరే దాని రాజ్యం, అందుకే టవర్ ఎత్తు కావాలి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకి టీవీ చూపించారు, మన రాష్ట్రం కూడా అందులో ఉంది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్లో వచ్చింది. తర్వాత మనూళ్లలో వెదురుబొంగుకి యాంటెన్నా కట్టి, ఒకడు పైన తిప్పుతుంటే ఇంకొకడు కింద నుంచి "వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది" అని అరవడం మీకూ గుర్తుండే ఉంటుంది.

అదే ఏడాది నవంబర్ 19న దివిసీమ ఉప్పెన. వేలమంది పోయారు. బెజవాడ ఎంత దూరం? కూతవేటు లాంటిది. కానీ రేడియో కొనాలి, ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. కూలోళ్ల గుడిసెలో అది ఎక్కడిది? మ్యాపు మీద గీసిన గీతలో ఊరు ఉన్నంత మాత్రాన కబురు అందినట్టు కాదు.

2014లో హుద్‌హుద్‌కి విశాఖలో రోజుల తరబడి ఫోన్లు, కరెంటు లేవు. ఇప్పుడేమో దూరదర్శన్ పాత టవర్ ప్రసారాలు దాదాపు ఆపేశారు. మీడియం వేవ్ కూడా పాతబడిందనే మాటే. ఫోనుంది కదా అంటారు. ఫోను టవర్‌కి కరెంటు ఎవరిస్తారు?

ఒకసారి మీ ఊళ్లో ముల్లు 837 దగ్గర పెట్టి చూడండి. మధ్యాహ్నం పూటే చూడాలి. రాత్రయితే తరంగాలు ఆకాశానికి తగిలి వెనక్కొచ్చి, ఎక్కడెక్కడి స్టేషన్లో కలిసిపోతాయి. ఏ ఊరు, మాగాణా మెట్టా, ఎలా వినపడిందో రాయండి.