పారబోసే పొట్టు.. నారుకు పట్టు

చల్లపల్లి: కొబ్బరి డొక్క నుంచి తీసిన పీచు తాళ్లకు, పరుపులకు పనికొస్తుంది. తీసేటప్పుడు రాలే పొట్టును మాత్రం ఒకప్పుడు అడిగిన నాథుడు లేడు. కిలో పీచుకు సుమారు రెండు కిలోల పొట్టు మిగులుతుంది. గుట్టలు వానకు తడిస్తే గోధుమరంగు నీరు కాలువల్లోకి దిగుతుంది. ఆ పొట్టే నేడు కోకోపీట్ దిమ్మెలుగా మారి విదేశీ తోటలకు ఎగుమతి అవుతోంది.

ఐరోపా, ఉత్తర అమెరికాల్లో కుండీలకు, నారుకు పీట్ వాడటం పాత అలవాటు. చలి ప్రాంతాల చిత్తడి నేలల్లో నాచు మొక్కలు సగం కుళ్లి పొరలుగా పేరుకున్న పదార్థమది. ఏడాదికి పెరిగేది సుమారు ఒక మిల్లీమీటరే. అంటే మీటరు లోతు తవ్వితే వెయ్యేళ్ల నిల్వ ఖర్చయినట్లు. భూభాగంలో 3 శాతమే ఉన్న ఈ నేలల్లో, ప్రపంచ నేలలన్నింటిలోని కర్బనంలో దాదాపు మూడో వంతు దాగి ఉంది. తవ్వి ఆరబెడితే అది బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. కొబ్బరి చెట్టు అలా కాదు, ఏడాది పొడవునా గెలలు వేస్తూనే ఉంటుంది.

పొట్టు తన బరువుకు ఏడెనిమిది రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. 5 కిలోల దిమ్మె నానితే సుమారు 70 లీటర్ల పరిమాణానికి ఉబ్బుతుంది. మిరప, టమాటా, క్యాబేజీ నారును, ఒంటి కన్ను చెరకు మొక్కలను ట్రేలలో పెంచేది దీనిలోనే. పోషకాలు మాత్రం నామమాత్రం కనుక వర్మీకంపోస్టు కలపాలి.

ఉప్పుతోనే తంటా

పచ్చి పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు ఎక్కువ, కాల్షియం తక్కువ. కడగకుండా వాడితే లేత ఆకుల అంచులు మాడి నారు చస్తుంది. చౌకగా వచ్చిందని కొన్న దిమ్మెతో నష్టం విత్తనం ఖరీదు వరకూ పోతుంది. లవణ సూచిక (ఈసీ) 0.5 డెసీసైమన్లు దాటని పొట్టు నారుకు శ్రేష్ఠం. మంచినీటితో పలుమార్లు కడిగి, కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి, మళ్లీ కడిగితే దోషం చాలావరకు పోతుంది. అయితే బోరు నీరే ఉప్పగా ఉండే దివిసీమ గ్రామాల్లో ఆ నీటితో ఎంత కడిగినా ప్రయోజనం ఉండదు. కాలువలు పారే రోజుల్లోనో, వాన నీటితోనో ఈ పని ముగించుకోవడం మేలు. కడిగిన నీటిని చేపల చెరువుల్లోకి వదలరాదు.

పొలానికైతే కుళ్లబెట్టాలి

పచ్చి పొట్టును నేరుగా చేలో చల్లితే అది కుళ్లే క్రమంలో నేలలోని నత్రజనిని లాగేసుకుని పైరు పసుపు బారుతుంది. దీనికి కాయిర్ బోర్డు 'పిత్ ప్లస్' అనే శిలీంధ్ర బీజాన్ని రూపొందించింది. టన్ను పొట్టుకు కిలోన్నర పిత్ ప్లస్, 5 కిలోల యూరియా సరిపోతాయి. నీడలో 100 కిలోల పొట్టు పరచి 300 గ్రాముల బీజం, దానిపై మరో 100 కిలోలు వేసి కిలో యూరియా చల్లుతూ పది పొరలు పేర్చాలి. తేమ ఆరకుండా చూస్తే నెల రోజుల్లో నల్లని ఎరువవుతుంది. కర్బన, నత్రజనుల నిష్పత్తి 112:1 నుంచి 24:1కి దిగుతుంది.

కాయిర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం రాజమహేంద్రవరంలో ఉంది. సాగు సలహాలకు చల్లపల్లి పక్కనే ఘంటసాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది.