శివనాథ నది: గాలపువేట, మత్స్యసంరక్షణము

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, రాయపూర్ జిల్లాలోని తిల్దాకు చేరువగా, సోమనాథ్ కడ ఖారూన్ నదిని కలుపుకొని మహానదికి సాగు శివనాథ నది, బొచ్చె, శీలావతి, మోసు, వాలుగ మున్నగు మత్స్యములకు ఆశ్రయమై, గాలము వేయువారిని, వల వేయు జాలరులను పోషించుచున్నది. వీనిలో మొదటి మూడును నిలువనీటి చెరువులలో సహజముగా గ్రుడ్లు పెట్టక, వర్షర్తువున క్రొత్తనీటికి ఎదురీది ముంపునేలలందు సంతానమును వదలును గనుక, ఏటేట జూన్ 16 మొదలు ఆగస్టు 15 వఱకు రాష్ట్రపు నదులలో వేట నిషిద్ధము. నదీసంబంధము లేని చిన్న చెరువులకు ఈ కట్టడి వర్తింపదు. 1957లో మత్స్యశాస్త్రజ్ఞుడు హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి రసముతో చేపలచే గ్రుడ్లు పెట్టించిన పిదప, చెరువుల పెంపకమునకు చేపపిల్లలకై ఏటిపై ఆధారపడవలసిన అవసరము తగ్గినదే కాని, ఏటిచేపకు అది రక్ష కాజాలదు: నిండు గ్రుడ్లతోనున్న తల్లిచేప యొక్కటి గాలమునకు చిక్కినచో లక్షల గ్రుడ్లు వ్యర్థమగును. నదికడ్డముగా లేచిన ఆనకట్టలు ఎదురీదు చేపకు దారి మూయుచుండగా, కాలనిషేధ మొక్కటే ఈ హానిని తీర్పనేరదు.