బొమ్మిడిలో దిగిన తెలుగు అతిథికి

ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో మా వైపు వచ్చే చుట్టాలు, కాఫీ తాగి కాస్త కుదుటపడగానే అడిగే ప్రశ్న ఒకటుంది: "మీ ఊళ్ళో చూడ్డానికి ఏమున్నాయండీ?" ధర్మపురి జిల్లాలో ఎవరిని అడిగినా వచ్చే జవాబులు రెండే. పడమటికి పోతే హొగెనకల్ జలపాతం, దక్షిణానికి పోతే ఏర్కాడు కొండ. రెండూ చూడదగ్గవే, కాదనను. పరిసల్లో కూర్చుని కావేరి నురగ ముఖాన పడుతుంటే పొందే ఆనందాన్ని తక్కువ చేసి మాట్లాడేంత అరసికుణ్ణి కాను. కానీ తెలుగువాడు అంత దూరం నుంచి వచ్చి ఆ రెండూ చూసి తిరిగి వెళ్ళిపోతే, తన సొంత చరిత్రలోని నాలుగైదు పుటలు తిప్పకుండా వదిలేసినట్టే.

ఇంకో మాట కూడా ఉంది. మనల్ని ఇక్కడివాళ్ళు "మీరు ఎప్పుడు వచ్చారు?" అని అడుగుతారు. అక్కడివాళ్ళు "మీకు తెలుగు వచ్చా!" అని ఆశ్చర్యపోతారు. రెండు ప్రశ్నలకూ జవాబు ఈ చుట్టుపక్కల రాళ్ళ మీద ఉంది. మన పిల్లలకు అది చూపించేవాళ్ళు లేరు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఈ నేల భాష ఈ నేలమీది పిల్లలు నేర్చుకోవలసిందే, అందులో నాకు పేచీ లేదు. కానీ ఇంట్లో మాట్లాడే భాషకు ఈ నేలతో సంబంధమేమిటో ఏ వాచకంలోనూ లేకపోతే, ఆ పిల్లవాడు తన భాషను నాయనమ్మతో పాటు పోయే వస్తువుగానే లెక్కేసుకుంటాడు. అందుకే ఈ వ్యాసం చుట్టాల కోసం ఎంతో, మన ఇంటి పిల్లల కోసమూ అంతే.

బొమ్మిడి పెద్ద ఊరేం కాదు. పాపిరెడ్డిపట్టి తాలూకాలో, సేర్వరాయన్ కొండలకు ఉత్తరాన, జోలార్‌పేట నుంచి సేలం వెళ్ళే రైలు మార్గం మీద ఉంది. మద్రాసు నుంచి పడమటి తీరం దాకా మద్రాసు రైల్వేవారు 1860ల ఆరంభంలో వేసిన దారి ఇది. స్టేషను బయట నిలబడి బస్సుల మీద, బోర్డుల మీద ఉన్న ఊళ్ళ పేర్లు చదవండి. పాపిరెడ్డిపట్టి, నల్లంపల్లి, మారండహళ్ళి, పాలక్కోడు. ఒక ఊరికి పట్టి, ఇంకో ఊరికి పల్లి, మరో ఊరికి హళ్ళి. మా రైలు లైనులో బుద్ధిరెడ్డిపట్టి అని ఒక చిన్న స్టేషను కూడా ఉంది. రెడ్డి తెలుగువాడు, పట్టి తమిళం. ఆ పేరులో రెండూ ఎన్ని తరాలుగా కాపురం చేస్తున్నాయో! మూడు భాషలూ ఇలా ఒకే సంతలో కూరగాయలు బేరమాడే ప్రాంతాలు దక్షిణదేశంలో మరీ ఎక్కువ లేవు.

ఇక్కణ్ణించి గంట పైచిలుకు బస్సులో కూర్చుంటే ధర్మపురి. పాత పేరు తగడూరు. సంగమ కాలంలో అదియమాన్ నెడుమాన్ అంజి ఏలిన ఊరు. ఆయుష్షు పెంచే ఉసిరికాయ దొరికితే తాను తినక కవయిత్రి అవ్వైయారుకు ఇచ్చిన ప్రభువు ఆయనే. తమిళ పిల్లలందరికీ తెలిసిన కథ. మన పిల్లలకూ తెలియాలి, ఎందుకంటే వాళ్ళు పుట్టిన జిల్లా కథ అది. ఊరికి దగ్గర్లో సేలం దారిలో అదియమాన్‌కోట్టై ఉంది. అక్కడి కాలభైరవుని గుడి బహుళాష్టమి నాడు గుమ్మడికాయ దీపాలతో కిటకిటలాడుతుంది. జనం అంతా అక్కడ క్యూ కడుతుంటే మీరు చెన్నరాయపెరుమాళ్ గుడికి నడవండి. కప్పు మీద రామాయణ భారత కథల బొమ్మలున్నాయి. తల ఎత్తి ఎత్తి మెడ పట్టేస్తుంది గానీ, లేపాక్షి కప్పు చూసినవాళ్ళకు ఈ చిత్రాలు పరాయివిగా అనిపించవు. స్వామి పేరు చెన్నరాయడు. మన పల్లెల్లో ఎంతమంది తాతలకు ఆ పేరు లేదు?

ధర్మపురి ఊళ్ళోనే కోట గుడులు ఉన్నాయి. కామాక్షమ్మ గుడి పీఠం చుట్టూ చిన్న చిన్న రాతి పలకల మీద రామకథ నడుస్తుంది. వంగి కూర్చుంటే తప్ప కనిపించదు. పక్కనే మల్లికార్జునస్వామి. ఇక్కడ నేలకు ఆనకుండా వేలాడే స్తంభాలు చూపిస్తారు. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసినవాళ్ళు ఇక్కడా అదే పని చేస్తారు. శ్రీశైలం దేవుడు ఇక్కడ ఎందుకున్నాడని అడిగేవాళ్ళకు చెప్పవలసిన పేరు నొళంబులు. తొమ్మిదో శతాబ్దంలో ఈ సీమ నొళంబ మహేంద్రుడి ఏలుబడిలోకి వచ్చింది. అతని కాలపు కన్నడ శాసనాలు ధర్మపురిలో దొరికాయి. నొళంబుల రాజధాని ఎక్కడనుకున్నారు? హేమావతి. మడకశిర వైపు, నిన్నటిదాకా అనంతపురం జిల్లాలో, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న చిన్న పల్లె. అక్కడి నల్లరాతి పని చూసి ముచ్చటపడిన చోళులు కొన్ని స్తంభాలను తిరువయ్యారుకు తరలించుకుపోయారు. శాసనాలేమో కన్నడం, రాజధానేమో నేటి ఆంధ్రదేశంలో, గుళ్ళేమో తమిళ జిల్లాలో. 1956లో గీసిన గీతలతో వెయ్యేళ్ళ వెనకటి మనిషిని ఏ రాష్ట్రంవాడని తేల్చగలం?

పురావస్తు ప్రదర్శనశాల కూడా ధర్మపురిలోనే ఉంది. ఆవుల మందల కోసం పోరాడి చచ్చినవాళ్ళకు నిలిపిన వీరగల్లులు అక్కడ చూడండి. పల్నాటి వీరుల గుడికి దండం పెట్టే జాతికి వీటి అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఉత్తరంగా కృష్ణగిరి. 2004లో ధర్మపురి నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. మా జిల్లా తెలుగువాళ్ళలో సగం మంది పైనే అలా చేజారిపోయారని మేము వేళాకోళానికి అనుకుంటాం. కొండ మీది కోట ఎక్కడానికి మోకాళ్ళు సహకరించాలి. పొద్దున్నే ఎక్కండి. 1791లో మూడో మైసూరు యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు రాత్రిపూట ఎక్కబోయి దెబ్బతిని దిగివచ్చిన కొండ ఇది. అయితే నాకు ఆసక్తి అంతకు రెండు వందల ఏళ్ళ ముందటి సంగతి మీద. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుగొండకు చేరారు. గోల్కొండ సేనలు పెనుగొండను ముట్టడించినప్పుడు కోటను కాపాడినవాడు జగదేవరాయలు. ఆ సేవకు బహుమానంగా అతనికి దక్కిన సీమే ఈ బారామహల్. కృష్ణగిరి దగ్గర జగదేవి అనే ఊరు ఇంకా అతని పేరు మోస్తూనే ఉంది. బారా అంటే పన్నెండు. ఆ పన్నెండు కోటలు ఏవంటే ఒక్కో జాబితా ఒక్కో రకంగా చెబుతుంది. పెనుగొండను నిలబెట్టినందుకు ఇచ్చిన మాన్యం అని మాత్రం మన పిల్లలకు చెప్పండి. "మీరు ఎప్పుడు వచ్చారు?" అన్న ప్రశ్నకు అది సగం జవాబు.

తూర్పున హరూరు దాటితే తీర్థమలై. రాముడు బాణంతో నీరు తెప్పించాడంటారు. కొండ మీద రామ, కుమార, గౌరి, అగస్త్య, అగ్ని అని అయిదు తీర్థాలు. మెట్లు చాలా ఉన్నాయి, కోతులూ చాలా ఉన్నాయి, చేతిసంచి జాగ్రత్త. ఆ ప్రాంతం గుండా పారే నది తెన్‌పెణ్ణై. మనం దక్షిణ పినాకిని అంటాం. పుట్టింది నంది కొండల్లో. అక్కడే పుట్టిన అక్క ఉత్తర పినాకిని అనంతపురం, కడప చుట్టి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన పెన్న అదే. చెల్లెలు హోసూరు, కృష్ణగిరి మీదుగా ఇటు వచ్చి కడలూరు దగ్గర కలుస్తుంది. నెల్లూరు నుంచి వచ్చిన అతిథిని ఒకసారి ఈ ఒడ్డున నిలబెట్టి ఈ సంగతి చెబితే, నీళ్ళు తీసి నెత్తిన జల్లుకున్నాడు.

ఇప్పుడు ధర్మపురికి మళ్ళీ రావాలి. అక్కడ చూడవలసిన ఒకదాన్ని ఆఖరికి అట్టే పెట్టాను. ఏ టూరిస్టు పుస్తకంలోనూ పెద్ద అక్షరాల్లో పడనిది, సర్ థామస్ మన్రో పేర నిలిపిన రాతి స్తంభం.

1792 శ్రీరంగపట్నం సంధిలో టిప్పుసుల్తాను బారామహల్‌ను వదులుకున్నాడు. కంపెనీవారు దాన్ని కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ చేతికిచ్చారు. అతనికి సహాయకులుగా ముగ్గురు సైనికోద్యోగులు, మెక్లాయిడ్, గ్రాహం, మన్రో. గ్లాస్గోలో 1761లో పుట్టిన మన్రో 1799 దాకా ఏడేళ్ళు ఈ సీమలో పనిచేశాడు. ధర్మపురిలో ఇల్లు, తోట వేసుకున్నాడు. ఊళ్ళు తిరిగాడు, పొలాలు కొలిపించాడు, రైతులతో వాళ్ళ భాషల్లో మాట్లాడాడు. జమీందారుకో ఊరి పెద్దకో గుత్తకివ్వకుండా, పొలం పొలానికీ కొలతవేసి రైతు పేరే లెక్కలో రాసి అతని నుంచే నేరుగా శిస్తు తీసుకోవడం అనే రైత్వారీ పద్ధతి రూపు దిద్దుకున్నది ఇక్కడే. మొదలుపెట్టినవాడు రీడ్. ఈ మాట గట్టిగానే చెప్పాలి, పేరంతా శిష్యుడికి పోయింది.

నేను బ్యాంకులో పంట రుణాల కాగితాలు చూసే మనిషిని. బల్ల మీదికి వచ్చే పట్టా, చిట్టా, అడంగల్ మూడూ చూడకుండా ఏ రైతుకూ అప్పు మంజూరు కాదు. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, అనుభవదారు పేరు. ఆంధ్రలో పనిచేసే తోటి ఉద్యోగులతో మాట్లాడితే వాళ్ళ బల్ల మీదా అడంగలే. ఈ పోలిక ఊరికే రాలేదు. టిప్పు పతనం తర్వాత మన్రోను 1799లో కెనరాకు పంపారు, అతనికి ఇష్టం లేకపోయినా. 1800లో నిజాం బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు వైపు సీమలను కంపెనీకి దత్తం చేశాడు. ఆ దత్తమండలాలకు మన్రో పెద్ద కలెక్టరుగా వెళ్ళి 1807 దాకా ఉన్నాడు. వెళుతూ బారామహల్‌లో నేర్చిన చదువు వెంట తీసుకెళ్ళాడు. 1928లో రాయలసీమ అని పేరు పెట్టుకున్న గడ్డ మీది పొలాల లెక్కకు ఓనమాలు దిద్దింది మా ధర్మపురి దగ్గర.

ఇందులో ఒక చమత్కారం ఉంది. మన్రో అక్కడ రైత్వారీ నడుపుతున్న ఆ సంవత్సరాల్లోనే, దాని పుట్టింట దాన్ని తీసిపారేశారు. బెంగాలు చూసి మోజుపడి కంపెనీవారు 1802 ప్రాంతాల్లో సేలం, బారామహల్ సీమను మిట్టాలుగా ముక్కలు చేసి వేలంలో అమ్మారు. కొన్నవాళ్ళు మిట్టాదారులు. కట్టలేక చాలామంది మునిగిపోయారు, ఆ మిట్టాలు తిరిగి సర్కారుకే వచ్చాయి. బాకీ వసూళ్ళ అనుభవమున్న నాకు ఈ కథ చదివినప్పుడల్లా కళ్ళకు కట్టినట్టుంటుంది. తాహతు చూడకుండా అంటగట్టిన బాధ్యత ఏ శతాబ్దంలోనైనా మొండి బాకీయే.

మన్రోను దేవుణ్ణి చెయ్యాలని నా ఉద్దేశం కాదు. అతను పరాయి కంపెనీ ఉద్యోగి. శిస్తు రాబట్టడం అతని పని. పాలెగాళ్ళను అణిచినవాడూ అతనే. వేసిన శిస్తు భారమని తానే ఒప్పుకుని, నాలుగో వంతు తగ్గించమని 1807లో సిఫారసు చేశాడు. పైవాళ్ళు వెంటనే వినలేదు. అయినా రాయలసీమ జనం అతన్ని గుర్తుపెట్టుకున్న తీరు వేరు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం నుంచి లేచి మన్రోతో మాట్లాడాడని భక్తులు ఈనాటికీ చెప్పుకుంటారు. 1820లో మద్రాసు గవర్నరై, సీమ రైతుల్ని మరోసారి చూసి రావాలని బయల్దేరి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చారు. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు.

సీమ నుంచి వచ్చే అతిథులకు ఈ స్తంభం దగ్గర ఎక్కువసేపే పడుతుంది. పత్తికొండ, గుత్తి అనగానే ఎవరో ఒకరు తమ ఊరి మాట ఎత్తుకుంటారు. పిల్లలుంటే ఇంట్లో ఉన్న పొలం పట్టా ఒకటి వెంట తెమ్మని చెప్పండి. సర్వే నంబరు తమిళంలో చదివించి, అది ఇక్కడికి ఎలా వచ్చిందో తెలుగులో చెప్పవచ్చు. చెన్నై మీదుగా తిరిగి వెళ్ళేవాళ్ళు కోటలోని చర్చిలో సమాధి చూడవచ్చు. దానికి కాస్త దూరంలో ఐలండ్ మైదానం దగ్గర గుర్రం మీద మన్రో విగ్రహం ఉంది, 1839లో పెట్టింది. జీనూ లేదు, అంకెలూ లేవు, కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. శిల్పి మరిచిపోయాడని చెన్నైవాళ్ళు చెప్పుకుంటారు.