160 జీబీ డిస్క్ 128 దగ్గరే ఎందుకు ఆగింది?

ఈరోజు ఎపిసోడ్ మా నాన్న పెట్టుకున్న ఒక గొడవతో మొదలుపెడతా.

ఖమ్మంలో మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. నేను స్కూల్లో ఉన్నప్పుడు, పెళ్లికార్డుల ఫైళ్లతో పాత కంప్యూటర్ నిండిపోయిందని నాన్న 160 జీబీ హార్డ్‌డిస్క్ కొన్నారు. బిగించి చూస్తే 128 జీబీయే చూపించింది. నాన్న నేరుగా షాపుకెళ్లి, "నాకు డూప్లికేట్ అంటగడతావా?" అని పదిమందిలో కేకలేశారు. "డిస్క్ బాగానే ఉంది సార్, మీ సిస్టమే పాతది" అని షాపు అన్న ఎంత చెప్పినా వినలేదు. మళ్లీ ఆ షాపు మెట్లెక్కలేదు.

మరి ఎవరు కరెక్ట్? దానికి కాస్త వెనక్కి వెళ్లాలి.

1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ వచ్చింది. దాని హార్డ్‌డిస్క్ 10 ఎంబీ. మీ ఫోన్‌లో రెండు మూడు ఫొటోలంత! కానీ అప్పటి ఫ్లాపీలో పట్టేది 360 కేబీ. అంటే దాదాపు ముప్పై ఫ్లాపీల సరుకు ఒకే డబ్బాలో అన్నమాట. డిస్క్‌ని 512 బైట్ల ముక్కలుగా చేస్తారు, ఆ ముక్కే సెక్టార్. డాస్ ఈ సెక్టార్లను లెక్కపెట్టడానికి 16 బిట్లే పెట్టుకుంది. 65,536 సెక్టార్లు, అంటే 32 ఎంబీ. ఎంత పెద్ద డిస్క్ కొన్నా ఒక్కో పార్టిషన్ అంతకు మించదు. 1988లో ఎంఎస్-డాస్ 4 వచ్చాక ఆ గోడ పోయింది.

తర్వాతి గోడ ఇంకా విచిత్రం. అప్పట్లో సెక్టార్ అడ్రస్ మూడు అంకెల్లో చెప్పేవాళ్లు: సిలిండర్, హెడ్, సెక్టార్. అపార్ట్‌మెంట్‌లో బ్లాక్, ఫ్లోర్, ఫ్లాట్ నంబర్ అనుకోండి. కంప్యూటర్‌లోని బయాస్ ఫారంలో సిలిండర్లు 1024, హెడ్లు 256, సెక్టార్లు 63 దాకా రాయొచ్చు. ఐడీఈ డిస్క్ ఫారంలో 65,536, 16, 255. విడివిడిగా చూస్తే బయాస్‌కి 8.4 జీబీ, డిస్క్‌కి 136 జీబీ పైనే వస్తుంది. కానీ ఇద్దరికీ ఒప్పుదల కావాలంటే ప్రతి గడిలో చిన్న అంకే తీసుకోవాలి. 1024 × 16 × 63 × 512 బైట్లు. మొత్తం 528 ఎంబీ! ఎవరి ఫారం వాళ్లకి విశాలమే, కలిపితే ఇరుకు.

తర్వాత ఈ మూడు అంకెల గోల వదిలేసి, టోకెన్ నంబర్‌లా ప్రతి సెక్టార్‌కీ ఒకే వరుస నంబర్ ఇచ్చారు. దాని పేరు ఎల్‌బీఏ. ఆ నంబర్‌కి 28 బిట్లు. అంటే 26 కోట్ల 84 లక్షల సెక్టార్లు, 137 జీబీ. కంపెనీలు వెయ్యి లెక్కన 137 అంటాయి, కంప్యూటర్ 1024 లెక్కన 128 అని చూపిస్తుంది. గుర్తొచ్చిందా? అదే మా నాన్న 128!

2002లో ఏటీఏ-6 స్టాండర్డ్ 48 బిట్లు ఇచ్చింది. కానీ మా కంప్యూటర్ అంతకంటే పాతది. నిజానికి మేం అదృష్టవంతులం. కొన్ని సిస్టమ్స్‌లో ఆ గీత దాటి రాస్తే నంబర్ మళ్లీ సున్నాకి తిరిగి, డిస్క్ మొదట్లో ఉన్న ఫైళ్ల మీదే రాసేసేది.

ఈ అంకెలు పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. అప్పట్లో మెమరీలో ప్రతి బిట్‌కీ ఖరీదుంది. "ఇది చాల్లే" అనుకున్నారు. కోడ్ రాసేటప్పుడు నేనూ చాలాసార్లు అలాగే అనుకున్నా. మీ పాత ఫోన్ 32 జీబీ కార్డు వరకే అని ఉంటుందే, అదీ ఎస్‌డీహెచ్‌సీ అనే స్టాండర్డ్ గీసిన గీతే.

మొన్న ఇంటికెళ్లినప్పుడు ఈ లెక్కంతా నాన్నకి కాగితం మీద వేసి చూపించా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగారు: "ఆ అబ్బాయి షాపు ఇంకా అక్కడే ఉందంటావా?"

లేదు ఫ్రెండ్స్. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!